ఊరంతా గుర్తుపట్టిన నాటిక

ప్రశ్న: ఈ లేఖ రాసిన యువతికి 27 ఏళ్లు. నాటకరంగంలో శిక్షణ పొంది సొంత ఊరికి తిరిగి వచ్చి, మూడేళ్లుగా ప్రతి శనివారం సాయంత్రం 12 నుంచి 17 ఏళ్ల లోపు పిల్లలు 14 మందితో ఒక బృందాన్ని నడుపుతున్నారు. నటన, కథ చెప్పడం, నలుగురిలో నిలబడి మాట్లాడటం అక్కడ నేర్పుతారు. ఖర్చులకు ఒక స్వచ్ఛంద సంస్థ సాయం చేస్తోంది. ఏడాదికి రెండు ప్రదర్శనలు ఉంటాయి. రెండు నెలల క్రితం జరిగిన ప్రదర్శనలో పిల్లలే అల్లుకున్న నాటిక ఒకటి వేశారు. పంట పోయి అప్పులపాలైన తండ్రి, కూతురు బడికి వెళ్లే సైకిల్‌ను అమ్మేస్తాడు. దాంతో ఆమె చదువు ఆగిపోతుంది. ఆ కథను బృందానికి చెప్పింది అందులోని 16 ఏళ్ల అమ్మాయే, అది వాళ్ల ఇంటి కథే. పేర్లు మార్చారు. ఆ అమ్మాయి వేదిక ఎక్కకుండా తెర వెనుక సైకిల్ బెల్లు మోగించే పని తీసుకుంది. ఆ బెల్లు ఆమే తెచ్చింది. సైకిల్ అమ్మడానికి ముందు రోజు విప్పి దాచుకుందట. తండ్రి వేషం వేసిన 14 ఏళ్ల కుర్రాడు ఆమె తండ్రిలాగే ఎడమ కాలు ఈడుస్తూ నడిచాడు. జనం నవ్వారు. కథ సగం వరకూ కదలకుండా కూర్చున్న ఆ తండ్రి లేచి వెళ్లిపోయారు. అప్పటి నుంచి అమ్మాయి రావడం లేదు. ఒకసారి దారిలో ఎదురుపడి "తప్పు నాదే అక్కా" అని వెళ్లిపోయింది. మరో రెండు ఇళ్లవారు కూడా పిల్లలను మాన్పించారు. సంస్థవారు మాత్రం ఆ నాటికలోని రెండు నిమిషాల వీడియోను అందరికీ పంచి, వచ్చే ప్రదర్శనలో కూడా ఇలాంటి నిజజీవిత కథలే ఉండాలని, సాయం కొనసాగింపు దాన్ని బట్టే ఉంటుందని అన్నారు. ఇంకా 11 వారాల సమయం ఉంది. "ఆ తండ్రికి క్షమాపణ చెప్పాలా? చెబితే ఆయన పరువు మళ్లీ బజారున పడదా? రాసి పెట్టిన నాటకాలకే వెళ్లిపోవాలా? అసలు ఈ పని చేసే అర్హత నాకుందా?" అని ఆమె అడుగుతున్నారు.

సమాధానం: మీ లేఖలో సంస్థ పెట్టిన షరతు గురించి ఒకటిన్నర పేజీ ఉంది, మీ అర్హత గురించి దాదాపు ఒక పేజీ ఉంది. కుర్రాడు కాలు ఈడ్చడం, జనం నవ్వడం మాత్రం ఒక్క వాక్యంలో దాటిపోయాయి. నేను చదవడం అక్కడ ఆపాను. ఆ తండ్రి అప్పులపాలయ్యారని గానీ, సైకిల్ అమ్మారని గానీ ఊరికి మీ నాటిక వల్ల తెలియలేదు. ఇలాంటి సంగతులు ఊళ్లో అందరికీ తెలిసే ఉంటాయి. తెలిసినా ఎవరూ మొహాన అనరు గనుకే మనిషి తలెత్తుకుని తిరగగలుగుతాడు. అలా అనకపోవడం ఊరు అతనికి ఇచ్చే మర్యాద. కథ సగం వరకూ ఆయన కదలకుండా కూర్చునే ఉన్నారని మీరే రాశారు. బహుశా కూతురి చదువు గురించి ఊరు ఒకసారి ఆలోచించడం ఆయనకూ ఇష్టమేనేమో, మనకు తెలియదు. ఆయనను లేపింది నవ్వు.

ఇది ఎందుకు ముఖ్యమంటే, మీరు ఒక తప్పు చేసి వేరే తప్పుకు శిక్ష వేసుకోబోతున్నారు. పిల్లల చేత నిజం చెప్పించడమే పొరపాటన్న నిర్ణయానికి వచ్చేస్తే, మూడేళ్లలో ఆ 14 మందికి మీరు ఇచ్చిన ధైర్యాన్ని మీ చేతులతోనే వెనక్కి తీసుకున్నట్టవుతుంది. జరిగిన పొరపాటు అంతకన్నా చిన్నది, మరింత స్పష్టమైనది. నిజాన్ని ఎంత దూరంలో నిలబెట్టి చూపాలో మీరు కొలుచుకోలేదు.

"పేర్లు మార్చాం కదా" అని లేఖలో మూడుచోట్ల రాశారు. పేరు మారిస్తే మనిషి దాగడం నగరంలో జరిగే పని. ఊళ్లో మనిషిని పేరుతో గుర్తుపట్టేవారు తక్కువ. నడకతో, దగ్గుతో, బండి చప్పుడుతో, ఏ ఏడాది ఎవరి చేను ఎండిపోయిందన్న లెక్కతో గుర్తుపడతారు. మీ నాటికలో ఆ అమ్మాయికి ఏ పేరు పెట్టినా సైకిల్ మాత్రం సైకిల్‌గానే ఉంది, ఆ నెలలో సైకిల్ అమ్మిన ఇల్లు ఊళ్లో ఒక్కటే ఉంది. పైగా బెల్లు కూడా ఆ సైకిల్‌దే. కూతురు దాన్ని దాచుకుందని ఆ తండ్రికి అప్పటిదాకా తెలుసో లేదో మీ లేఖలో లేదు. తెలియకపోతే, ఆ చప్పుడు విన్న క్షణంలో ఆయనకు ఏమనిపించి ఉంటుందో ఆయన దగ్గరకు వెళ్లే ముందు మీరు కాసేపు ఆలోచించాలి.

అనుమతి గురించి "ఆ అమ్మాయి ఒప్పుకుంది" అన్నారు. ఒప్పుకునే ఉంటుంది. కానీ ఒక కథ గుండ్రంగా కూర్చున్న స్నేహితుల నుంచి వేదిక దాకా రావడానికి నాలుగైదు మెట్లు ఎక్కుతుంది. మొదట నమ్మిన వారి ముందు చెబుతారు, తరువాత ఎవరో "దీన్ని నాటిక చేద్దాం" అంటారు, అభ్యాసంలో దానికి రంగులు అద్దుతారు, చివరికి ఊరంతా చూస్తుంది. మొదటి మెట్టు మీద ఇచ్చిన మాటను చివరి మెట్టు దాకా లాక్కుపోకూడదు. అందరూ చప్పట్లు కొడుతుండగా 16 ఏళ్ల పిల్ల తల ఊపడాన్ని నేనైతే అనుమతిగా లెక్కించను; రెండు రోజుల తరువాత ఒంటరిగా ఉన్నప్పుడు మళ్లీ అడుగుతాను, అభ్యాసం పూర్తయ్యాక ఇంకోసారి, ప్రదర్శన రోజు పొద్దున మరోసారి అడుగుతాను. అప్పుడు వద్దంటే ఆ భాగం ఆగిపోవాలి, అలా ఆగిపోయినా ప్రదర్శన సాగేలా ముందే చూసుకోవాలి. ఇక కథలో ఉండి గదిలో లేని మనిషి సంగతి ఉంది. ఆ కథలో సగం కూతురిది, సగం తండ్రిది. ఆయనను ఎవరూ అడగలేదు.

అమెరికాలో 1975లో జొనాథన్ ఫాక్స్, జో సాలస్ మరికొందరితో కలిసి మొదలుపెట్టిన ప్లేబ్యాక్ థియేటర్ పద్ధతి మీకు శిక్షణలో తగిలే ఉంటుంది. ప్రేక్షకులలో ఒకరు తమ అనుభవం చెబుతారు, నటులు అప్పటికప్పుడు దాన్ని ఆడి చూపిస్తారు, ఆట ముగిశాక నిర్వాహకుడు ఆ చెప్పిన మనిషి వైపే తిరిగి ఆఖరి మాట వారికే వదులుతాడు. కథ ఎవరిదో వాళ్ల కళ్ల ముందే అది జరుగుతుంది, సరిగ్గా రాలేదని చెప్పే హక్కు వాళ్లకు ఉంటుంది. మీ నాటికలో కథ చెప్పిన పిల్ల తెర వెనుక ఉంది. ఆమెకు తండ్రి మొహం కనబడలేదు, జనం నవ్వు మాత్రం వినబడింది.

ఇప్పుడు చేయవలసిన వాటిలో ఒకదానికి నా దృష్టిలో రెండో దారి లేదు. ఆ వీడియోను తీసేయమని సంస్థను ఈ వారంలోనే, రాతపూర్వకంగా అడగండి. మిగతా విషయాలన్నీ నిదానంగా ఆలోచించవచ్చు గానీ, ఆ రెండు నిమిషాలు తిరుగుతున్నంతకాలం ఆ నవ్వు రోజూ కొత్తగా మొదలవుతూనే ఉంటుంది. ఇప్పటికే ఫోన్లలో ఉన్నవాటిని ఎవరూ వెనక్కి తేలేరు. అయినా, మీరు తీయించారన్న మాట ఆ ఇంటికి చేరుతుంది.

తండ్రిని కలవడం గురించి మీకు మూడు దారులు కనిపిస్తున్నాయి. అసలు కలవకుండా కాలానికి వదిలేయడం మొదటిది. గొడవ లేకుండా పోతుంది కానీ, ఆ ఇంటి ముందు నుంచి నడిచిన ప్రతిసారీ మీరు చూపు తిప్పుకోవాలి, ఆ అమ్మాయి మాత్రం తప్పు తనదేనన్న నమ్మకంతోనే పెద్దదవుతుంది. నలుగురు పెద్దలను వెంటబెట్టుకుని వెళ్లడం రెండోది. మీకు ధైర్యంగా ఉంటుంది, ఆయనకు మాత్రం అది పంచాయితీలా కనిపిస్తుంది, మీరు భయపడుతున్నట్టే పరువు రెండోసారి బజారున పడుతుంది. మూడోది, పని వేళ కాని సమయం చూసుకుని ఒంటరిగా వెళ్లి పది నిమిషాల్లో తిరిగి రావడం. నేను దీని వైపే మొగ్గుతాను. అలా వెళితే కళ గురించి, సామాజిక సందేశం గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడకండి. "మిమ్మల్ని అడగకుండా మీ ఇంటి సంగతి వేదిక ఎక్కించాను. మీ నడకను చూపించి నవ్వించడాన్ని అభ్యాసంలో చూసి కూడా ఆపలేదు. తప్పు నాది, మీ అమ్మాయిది కాదు" అన్నంత చాలు. అభ్యాసంలో మీరు చూడలేదంటే ఆ మాట తీసేసి ఉన్నది చెప్పండి, కానీ చూసే ఉంటారని నా అనుమానం. అదే రాకలో "అమ్మాయిని పంపండి" అని అడగవద్దు. అడిగితే క్షమాపణ బేరంగా మారిపోతుంది. ఆయన తలుపు తీయకపోవచ్చు, గట్టిగా తిట్టవచ్చు, ఏమీ అనకుండా పంపేయవచ్చు. వీటిలో ఏది జరిగినా మీరు వెళ్లిన పని పూర్తయినట్టే.

ఆ కుర్రాడిని మీతో తీసుకెళ్లాలా అని కూడా అడిగారు. వద్దు. ఆ రోజు అందరికన్నా ఎక్కువ చప్పట్లు పడింది వాడికే, ఇప్పుడు ఊళ్లో తప్పంతా వాడి మీదకే నెట్టే ప్రమాదం ఉంది. 14 ఏళ్ల పిల్లవాడు చూసినది చూసినట్టు చేశాడు. చూడమని నేర్పింది మనమే. అయితే అనుకరణకు, గమనింపుకు ఉన్న తేడా వాడికి ఇంకా అందలేదు. ఉపన్యాసం ఇవ్వకుండా ఒక అభ్యాసం ఇచ్చి చూడండి. పని చేసుకుంటున్న పెద్దవాళ్లు ఎవరినైనా, వారి ఇష్టంతో, పదిహేను నిమిషాలు గమనించి, చేతులను మాత్రమే తెచ్చి చూపించాలి. తాడు పేనేటప్పుడు బొటనవేలు ఎక్కడ ఆనుతుంది, అలసట వచ్చినప్పుడు భుజం ఎటు దిగుతుంది, నొప్పి ఉన్న చేతిని మనిషి ఎలా కాపాడుకుంటాడు. చూసేవారికి నవ్వు వస్తే అభ్యాసం మళ్లీ మొదటి నుంచి. ఒక కాలు ఈడ్చే మనిషి నిజానికి బలమంతా రెండో కాలు మీద వేసి ఎంత పని చేస్తాడో ఆ కుర్రాడు కనిపెట్టిన రోజున వాడు మంచి నటుడవుతాడు.

అమ్మాయి విషయంలో తొందర పడకండి. ఆమె తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. రాకపోతే అది మీ వైఫల్యానికి రుజువేమీ కాదు. తండ్రిని కలిసి వచ్చాక, తప్పు తనది కాదని ఆయనతోనే చెప్పినట్టు ఆమెకు ఒక్కసారి తెలియజేయండి, అక్కడితో ఆపండి. వస్తే నేరుగా నటనలోకి లాగకండి. ఇంగ్లండ్, వేల్స్‌లలోని యువ రైతుల క్లబ్బుల వక్తృత్వ పోటీల్లో ప్రసంగించే వారితోపాటు సభాధ్యక్షత వహించేవారు, వందన సమర్పణ చేసేవారు కూడా పోటీదారులే. నడిమధ్యన నిలబడని పనికి కూడా అక్కడ గౌరవం ఉంది. మీ బృందంలో అలాంటి పనులు నాలుగైదు ముందే ఉంటే, వెనక్కి వచ్చే పిల్లకు దాక్కున్నట్టు అనిపించదు.

వచ్చే ప్రదర్శనకు ఏం చేయాలన్నది లేఖలో మిమ్మల్ని ఎక్కువగా వేధిస్తున్న ప్రశ్న. రాసి పెట్టిన నాటకాన్ని మీరు ఓటమిగా చూస్తున్నారు. నేను అలా చూడను. అమెరికాలోని ఫార్గోలో, నార్త్ డకోటా వ్యవసాయ కళాశాలలో ఆల్ఫ్రెడ్ ఆర్వాల్డ్ 1914లో లిటిల్ కంట్రీ థియేటర్ అనే చిన్న రంగశాలను తెరిచి, చుట్టుపక్కల ఊళ్లవారు తమంతట తామే వేసుకునేందుకు నాటక ప్రతులను అరువుకు పంపేవారు. ఎవరో రాసిన మాటల వెనుక నిలబడటంలో పిల్లలకు ఒక రక్షణ ఉంది. సొంత మాటల్లో నోరు పెగలని పిల్ల రాజు మాటల్లో కోపం చూపించగలదు, అది ఆమె కోపమేనని ఎవరికీ అనుమానం రాదు. ఈ దారి పడితే పిల్లలను మాన్పించిన ఇళ్లవారు కాస్త కుదుటపడతారు. నష్టం లేకపోలేదు. మూడేళ్లుగా తామే కథ అల్లుకున్న పిల్లలు ఇప్పుడు వల్లెవేయవలసి రావడాన్ని శిక్షగా తీసుకోవచ్చు, సంస్థవారు పెదవి విరుస్తారు.

రెండో దారి, పిల్లల కథలతోనే పని చేస్తూ వాటిని దూరం జరపడం. ఇది కష్టమైన దారి, 11 వారాల్లో అయ్యేదే. ఒకరి కథను ఇంకొకరికి ఇవ్వండి. ముగ్గురి కథలను కలిపి ఒకటి చేయండి. కాలాన్ని వెనక్కి నెట్టండి. మనుషులను పక్షులుగానో పడవవాళ్లుగానో మార్చండి. ముఖ్యంగా వస్తువును మార్చండి. మీ నాటికలో సైకిల్ బదులు ఒక పక్షి రెక్కను అమ్మవలసి వచ్చిందనుకోండి. అమ్మాయి బాధ అంతా అందులో ఉంటుంది, తండ్రి నిస్సహాయత కూడా ఉంటుంది, చూసిన ప్రతి ఇంటివారికీ తమ రెక్క ఏదో గుర్తొస్తుంది. దీనికి ఒక పరీక్ష ఉంది. ఊళ్లో వేర్వేరు వైపుల ఉండే ఇద్దరు పెద్దలకు అభ్యాసం చూపించి, వాళ్ల తల ఎటైనా ఒక ఇంటి వైపు తిరుగుతుందేమో చూడండి. తిరిగితే దూరం చాలలేదన్నమాట. ఇలా చేస్తే కథలో పదును పోతుందని కొందరు వాదిస్తారు. ఆ వాదన చేసేవారిలో ఆట ముగిశాక అదే ఊళ్లో నిద్రపోయేవారు తక్కువ.

ఫోరం థియేటర్ చేద్దామన్న ఆలోచన కూడా రాశారు. బ్రెజిల్‌కు చెందిన నాటక దర్శకుడు అగస్టో బోల్ 1973లో పెరూలో పనిచేస్తున్నప్పుడు రూపుదిద్దిన ఆ పద్ధతిలో, సమస్య ముదిరిన చోట ఆట ఆగుతుంది, ప్రేక్షకులే వేదిక ఎక్కి తమకు తోచిన దారి ఆడి చూపిస్తారు. గొప్ప పద్ధతే. కానీ మీ ఊళ్లో అప్పు గురించి ఫోరం పెడితే అప్పు ఇచ్చినవారు ముందు వరుసలో ఉంటారు, తీసుకున్నవారు వెనుక ఉంటారు, వేదిక ఎక్కేది ఎవరో ముందే చెప్పవచ్చు. గాయం పచ్చిగా ఉన్న ఈ ఏడాదికి దాన్ని పక్కన పెట్టమనే నా సలహా.

ఇంకొకటి మీ లేఖలో లేదు, నేను చేరుస్తున్నాను. ఈసారి నాటకమే లేకుండా, చేసి చూపించే సాయంత్రం పెట్టవచ్చు. 1902లో అమెరికాలోని ఒహాయోలో ఎ. బి. గ్రాహం పెట్టిన పిల్లల క్లబ్బు లాంటివాటి నుంచి ఎదిగిన, 4-హెచ్ అనే పిల్లల, యువత సంఘాలలో ఇది పాత అలవాటు. పిల్లవాడు తనకు వచ్చిన పనిని అందరి ముందు చేస్తూ, చేసేదాన్ని వివరిస్తాడు. చేతులకు పని ఉంటుంది, జనం చూపు మొహం మీద కాక వస్తువు మీద ఉంటుంది. మాట తడబడే పిల్లలకు ఇంతకన్నా మంచి మొదటి వేదిక నాకు తెలియదు. ఆ పనిని ఇంట్లో పెద్దల దగ్గర నేర్చుకుని రమ్మంటే, మాన్పించిన ఇళ్లకు మీరు నేర్పేవారిగా కాకుండా నేర్చుకునేవారిగా వెళ్తారు. చప్పట్లు తక్కువే పడతాయి, వీడియోలో పెద్దగా ఏమీ కనబడదు.

సంస్థ సంగతికి వస్తే, బోల్ తానే చెప్పిన ఒక అనుభవం మీకు పనికొస్తుంది. 1960ల తొలినాళ్లలో ఆయన బృందం బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలోని రైతుల ముందు, భూమి కోసం రక్తం చిందించాలని ఆవేశంగా పాడుతూ నాటకం వేసింది. ఆట ముగిశాక విర్జీలియో అనే రైతు వచ్చి, మీ తుపాకులు తీసుకుని మాతో రండి, భూమి లాక్కున్నవారి మీదకు వెళ్దాం అన్నాడు. అవి ఆట తుపాకులని, తాము నటులమే గానీ రైతులం కామని వీళ్లు తడబడుతూ చెప్పవలసి వచ్చింది. అయితే మీరు చిందిద్దామన్న రక్తం మాది, మీది కాదన్నమాట అన్నాడాయన. తాను ప్రమాదంలో పాలు పంచుకోని పనిని ఇతరులను చేయమని ఉపదేశించే నాటకం ఇక వేయలేకపోయానని బోల్ చెప్పారు. మీ సంస్థవారు దుర్మార్గులని నేను అనడం లేదు. నిజమైన కథలు కావాలనేవారికి, ఆ నిజానికి ఊళ్లో మూల్యం చెల్లించేది ఎవరో ఎప్పుడూ చూడవలసి రాలేదు, అంతే.

వాళ్లకు మీరు లొంగిపోవచ్చు. డబ్బు వస్తుంది, వచ్చే ఏడాది ఇంకో ఇల్లు ఖాళీ అవుతుంది. తెగతెంపులు చేసుకోవచ్చు, అప్పుడు గది, మీ శనివారం, పిల్లలు మిగులుతారు, నాటకాల కోసం ప్రయాణాలు, దుస్తులు తగ్గుతాయి. ఈ రెంటికీ మధ్య, జరిగినది దాచకుండా రాసి, ఏ ఇంటినీ గుర్తుపట్టలేని రూపంలోనే కథలు వేస్తామని, వీడియో తీయాలంటే పిల్లలతోపాటు ఇంటివారు కూడా ఒప్పుకోవాలని షరతు మీరు పెట్టవచ్చు. నివేదికలో వాళ్లకు చూపించడానికి ఏదో ఒకటి కావాలి, అది నిజమే. ఈ ఆరు నెలల్లో మొదటిసారి నలుగురిలో నోరు విప్పిన పిల్లలు ఎందరో, మానేసి తిరిగి వచ్చినవారు ఎందరో లెక్క రాసి ఇవ్వండి. దానికి ఒప్పుకుంటారో లేదో నేను చెప్పలేను. ఒప్పుకోకపోతే ఏం చేయాలో ముందే నిశ్చయించుకుని ఉత్తరం పంపండి.

అర్హత గురించిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, ఉండనక్కర లేదనుకుంటాను. ఈ పని మానేయాలని మీకు నిజంగా అనిపిస్తే మానేయవచ్చు. తండ్రిని కలవకముందు మాత్రం మానేయకండి. అలా చేస్తే ఊరికి, ఆ 14 మందికి గుర్తుండిపోయే ఆఖరి దృశ్యం ఆయన లేచి వెళ్లిపోవడమే అవుతుంది.

చివరగా, ఆ సైకిల్ బెల్లు ఇంకా మీ వస్తువుల పెట్టెలోనే ఉందని, తండ్రికి తిరిగి ఇచ్చేయాలా అని తాజా కలం కింద అడిగారు. ఆయనకు ఇవ్వకండి. అది ఆ అమ్మాయి దాచుకున్నది, దాన్ని ఏం చేయాలో ఆమె ఇష్టం. దారిలో మళ్లీ ఎదురుపడినప్పుడు, పక్కన ఎవరూ లేకుండా చూసి, మోగకుండా గుడ్డలో చుట్టి ఆమె చేతిలో పెట్టండి.